బండి వెనక చూసే మనిషి

ఈ ఉదయం నెహ్రూ నగర్‌లో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలోంచి తీతువు పిట్ట అరిచింది. స్టవ్ మీద పాలున్నాయి. పొంగితే పొంగనీ అనుకుని పెరట్లోకి పరుగెత్తాను. పాలు పొంగాయి, పిట్ట కనబడలేదు, మా ఆయన చేత చీవాట్లు తిన్నాను. తీతువు కూత అశుభమని మా అమ్మ చెవులు మూసుకునేది. నాకు మాత్రం ఆ గొంతు వింటే అరికాళ్లలో దురద పుడుతుంది. ఎక్కడికో వెళ్లాలి, ఇప్పుడే వెళ్లాలి, ఆలస్యమైతే ఏదో దాటిపోతుంది అనిపిస్తుంది. ఈ జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో చూపించింది పైడిరాజు మామయ్య.

ఆయన మాకు చుట్టం కాదు. రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కీ వాళ్ల క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఛత్తీస్‌గఢ్ ఊరికి వచ్చినవే కాబట్టి వరసలు కలుపుకున్నాం. ఆయన గూడ్సు బండ్లకు గార్డు. ముందు ఇంజన్లో డ్రైవరు, చిట్టచివర బ్రేక్ వ్యానులో ఈయన. డ్యూటీ దిగి వచ్చినవాళ్లెవరైనా పడుకుంటారు. ఈయన స్నానం చేసి, సైకిలెక్కి పొలాల వెంట పడేవారు. బండి దిగినా ఈ మనిషికి చక్రాలు ఆగవని అత్త విసుక్కునేది.

ఎనభైల మధ్యలో నా బి.ఎస్సీ. అయిపోయింది. ఉద్యోగం లేదు. పెళ్లి సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడమే నా పని. ఒకరోజు మామయ్య గోడ అవతలి నుంచి చూసి, "ఏటమ్మా, కాలుగాలిన పిల్లిలాగ ఆ వరండా అరగదీసేస్తన్నావు? ఆ తిరిగేదేదో పొలాల్లో తిరుగు, పిట్టలైనా కనబడతాయి" అన్నారు. ఆయనతో అంటే అమ్మ ఒప్పుకుంది, కానీ ఒక్కదాన్నే వెళ్లొద్దంది. అలా సత్యవతి, మీనా తోడయ్యారు. సత్యవతి మా క్వార్టర్ల లైనులోనే ఉండే డ్రైవరుగారి అమ్మాయి, నెమ్మది మనిషి. మీనా ఊళ్లోనే మరో పేట కుదుదండ్‌లో ఉండే ఛత్తీస్‌గఢీ పిల్ల, కాలేజీలో మా జట్టు. దాని నోటికి మూత పడదు. మామయ్యకు రెస్టు దొరికిన రోజున లోకల్ బండిలో దగ్గర్లోని బిల్హా స్టేషనుకు వెళ్లి, వరి పొలాల గట్లన్నీ తిరిగి, సాయంత్రం బండికి వచ్చేసేవాళ్లం.

మొదట్లో పిట్టల్ని ఆయనే చూపించేవారు. కొన్నాళ్లకు పద్ధతి మారింది. గట్టు మీద మమ్మల్ని ముందు నడిపించి, తాను చివర నడిచేవారు. గార్డు బుద్ధి ఎక్కడికి పోతుందని మేం ఆటపట్టించేవాళ్లం. ఏదైనా కదిలితే చాలు, వెనక నుంచి, "ఏటి అది? పేరు సెప్పకు. సూసింది సెప్పు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. లకుముకి పిట్ట అంటే లకుముకి పిట్ట, ఇంకేం చెప్పాలి? తర్వాతి పిట్ట దగ్గరికి పోవాలని నా తొందర నాది. ఆయన వదిలేవారు కాదు. ముక్కు ఏ రంగు, ఎటు తిరిగి కూర్చుంది, నీళ్లలోకి దూకేముందు తల ఎలా ఆడించింది, అన్నీ కావాలి. పేరు చెప్పేసి పారిపోతావేమిటి, పిట్ట అక్కడే ఉంది, నువ్వే ఎగిరిపోతున్నావని ఒకసారి అనేశారు. మీనా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఆ పూటంతా మూతి ముడుచుకుని నడిచాను.

రెండో చలికాలంలో ఒక సాయంత్రం పట్టాల పక్క కాలిబాటన స్టేషనుకు వస్తున్నాం. దూరంగా సిగ్నల్ స్తంభం. చెయ్యి చాపినట్టుండే పాతకాలం సిగ్నల్ అది. ఆ చెయ్యి కిందికి వాలితే బండి వస్తోందని అర్థం. "సిగ్నలు పడిపోయింది. గబగబా నడవండి, బండి వచ్చీస్తంది" అన్నారు మామయ్య. ముగ్గురం తలెత్తి చూశాం. చెయ్యి అడ్డంగానే ఉంది. దాని కొసన ఒక గద్ద తోక వేలాడేసుకుని కూర్చుంది. మీనా నవ్వేస్తూ, "మామాజీ, సిగ్నల్ నహీ గిరా, చీల్ బైఠీ హై" అంది. ఆయన నవ్వలేదు. కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తూ నిలబడిపోయారు. ఆ దూరంలో సిగ్నల్ చూసి చెప్పలేని గార్డు ఉండకూడదు. రైల్వే పిల్లలం, మాకది తెలుసు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన చివర నడుస్తున్నది అలవాటు కొద్దీ కాదు, మా చున్నీల రంగులు పట్టుకుని దారి పోల్చుకోవడానికి.

తిరుగు బండిలో ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. మేం ముగ్గురం లోపల గుసగుసగా తగువులాడుకున్నాం. బండ్ల మీద పనిచేసేవాళ్లకు రైల్వే ఆసుపత్రిలో అప్పుడప్పుడు కళ్ల పరీక్ష ఉంటుంది. ఆయనది మళ్లీ ఎండాకాలంలో. అందులో తప్పితే బండి ఎక్కనివ్వరు, ఆఫీసులో కుర్చీ ఇస్తారు. ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడమంటే కాళ్లు కట్టేసినట్టే. ఎండాకాలం దాకా నోరెత్తొద్దని మీనా మా చేత ఒట్టు వేయించుకోబోయింది. సత్యవతి కిటికీలోంచి ఇటు తిరిగింది. "రేపు మా నాన్న నడిపే బండికి ఎనక ఈయనే ఉంటే?" అంది. మీనా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చోలేకపోయాను. ఆయన్ని ఏమని అడగాలి? అడక్కుండా ఎలా ఉండాలి?

తెల్లవారాక గోడ దగ్గరికి వెళ్లేసరికి, డ్యూటీకి పిలవడానికి ఇంటింటికీ తిరిగే కాల్ మ్యాన్ వాళ్ల వాకిట్లో ఉన్నాడు. ఉతికిన తెల్ల యూనిఫాం తీగ మీద అలాగే ఉంది. మామయ్య బనీనుతో నిలబడి, డ్యూటీకి రాను, సిక్ అని రాసుకో, కళ్లు ఆనడం లేదని చెప్పు అంటున్నారు. అత్త లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎవరడిగారని, ఎండాకాలం దాకా ఎవరికి తెలుస్తుందని ఏడ్చింది. నాకూ అదే అడగాలనిపించింది, అడిగేశాను. ఆయన నావైపు తిరిగారు.

"ఎనక నాను సూస్తన్నానని డ్రైవరు ముందుకి సూస్తాడమ్మా. ఆ నమ్మకం మీద కూకుని దొంగబతుకు బతకమంటావేటి?"

కంటి నరం దెబ్బతిందని, అద్దాలు పెట్టుకున్నా లాభం లేదని ఆసుపత్రిలో తేల్చారు. ఆఫీసులో కుర్చీ వేశారు. దాన్ని ఆయనేమీ మహానుభావుడిలా భరించలేదు. ఇంట్లో గిన్నె చప్పుడైనా విరుచుకుపడేవారు. ఆఫీసులో బండి కూత వినబడితే చాలు, చేస్తున్న పని వదిలేసి కిటికీ దగ్గరికి పోయేవారట. బిల్హా పేరెత్తితే, ఏటి సూడ్డానికని మొహం తిప్పేసుకునేవారు. నేను వదిల్తేనా! రోజూ గోడ దగ్గర చేరి పోరు పెట్టాను. ఆ పోరు పడలేక ఒక ఆదివారం చెప్పులు వేసుకున్నారు.

గట్టు మీద అలిగిన పిల్లాడిలా వీపు తిప్పుకుని కూర్చున్నారు. నేనే మొదలుపెట్టాను. తెల్ల కొంగ, ఒంటికాలి మీద ఉంది, మెడ చాపింది అని గబగబా అప్పజెప్పాను. మెడ చాపిందంటే నిద్రపోవడం లేదు కదా, దేనికోసం చూస్తోందని అటు తిరిగే అడిగారు. నాకు తెలియలేదు. మళ్లీ చూశాను. నీళ్లలో కప్ప ఉందో చేప ఉందో, కొంగ కదల్లేదు. అది కదిలేదాకా నేనూ కదల్లేదు. నా బతుకులో అంతసేపు ఒకచోట నిలబడ్డది అదే మొదలు. నేను తప్పు చెబితే ఆయనకు ఆ కొంగ తప్పుగానే ఉండిపోతుంది, దిద్దేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ భయమే నా కాళ్లను పట్టి ఆపింది. చెప్పడం అయ్యాక మామయ్య మెల్లగా నీళ్లవైపు తిరిగి కూర్చున్నారు.

తర్వాత నాకు ఈ ఊళ్లోనే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మీనా పెళ్లి చేసుకుని రాయపూర్ వెళ్లిపోయింది. తొంభైల్లో మామయ్యకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేవి కావు. అయినా సత్యవతీ నేనూ చెరో చెయ్యీ పట్టుకుని తీసుకువెళ్లేవాళ్లం. ఆఖరిసారి వెళ్లినప్పుడు కోతలు అయిపోయాయి. పొద్దు వాలుతోంది, బండికి టైమవుతోంది, నా కాళ్లు అప్పటికే స్టేషను వైపు లాగుతున్నాయి. ఏం కనబడుతోందని అడిగారు. ఏమీ లేదు మామయ్యా, ఖాళీ పొలం, పదండి అన్నాను.

"అచ్ఛా. ఖాళీగా ఎలాగుంది, సెప్పు."

విసుక్కుంటూనే మొదలుపెట్టాను. వరి మోళ్లు, వాటి మధ్య ఇంకా ఆరని తడి, ఆ తడిలో ఏదో పిట్ట అటూ ఇటూ తిరిగిన గుర్తులు, గట్టు మీద ఎవరో మరిచిపోయిన కొడవలి పిడి. చెప్పేకొద్దీ కనబడుతూనే ఉంది. బండి వెళ్లిపోయింది. ముగ్గురం స్టేషన్లో తర్వాతి బండి కోసం పడిగాపులు కాశాం. ఆయన ముఖంలో ఎంత హాయి!

ఆయన పోయి చాలాకాలమైంది. నా కాళ్లు ఇప్పటికీ నిలవవు. సత్యవతీ నేనూ వీలైనప్పుడల్లా బిల్హా వెళతాం. గట్టు ఎక్కగానే నా నోరు దానంతటదే చెప్పుకుపోతుంది, రెక్క రంగు, మెడ తీరు, పిట్ట ఎగిరిపోయాక మిగిలిన కొమ్మ. సత్యవతి కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. అయినా నన్ను ఆపదు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా తలదించుకుని వింటుంది, ఆ తర్వాతే అటు చూస్తుంది.