ఆరింటిలో ఒక్కటే పేలే తూటాలు

మెర్ల్ హాగ్లండ్ చేసిన తూటాలను రివాల్వర్లో ఆరు నింపితే ఒక్కటే పేలుతుంది. తక్కిన అయిదూ పేలాలంటే రివాల్వర్ పట్టుకుని మళ్ళీ మెర్ల్ ఇంటికే పోవాలి.

మోంటానాలో మా గడ్డి పొలాలను నేల ఉడతలు మొదలంటా కొరికేస్తాయి. వాటికోసం ఒంటిగాడైన మెర్ల్, వడ్లగింజంత గుండూ సీసా మెడలా సన్నబడిన ఇత్తడి గొట్టమూ కలిపి చిన్న తూటాలు చేసేవాడు. గొట్టానికి నూనె అంటి ఉంటే, పేలగానే అది వెనక్కి జరిగి, తూటాలు నింపే రివాల్వర్ చక్రాన్ని తిరగకుండా బిగించేస్తుంది. ఈ సంగతి ఊరందరికీ నేర్పినవాడు మెర్లే. బిగుసుకునేవి మాత్రం అతని తూటాలే. ముప్ఫయ్యేళ్ళు వ్యాకరణం చెప్పిన నాకు మినహాయింపులు కొత్త కావు గాని, దీనికి సూత్రమే దొరకలేదు.

"నూనె తుడిచావా మెర్ల్?"

"తుడవకుండా ఇస్తానా మాస్టారూ? గాలిలో తేమ."

పెదవులు పగలని నెల లేని ఊళ్ళో తేమట.

భార్య లోర్నా పోయాక హాలిస్ బెక్ వంట మానేశాడు, మాట మానేశాడు. ఉడతలు పొలం తింటుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఆ ఏప్రిల్లో మెర్ల్ అతని గుమ్మంలో ఒక తూటాల పెట్టె పెట్టి వచ్చాడు. శనివారం హాలిస్ పద్దెనిమిది మైళ్ళు ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడు.

"బిగిసింది."

"కూర్చో. వదులయ్యేలోగా సూప్ తాగు."

"ఇవి తూటాలా, తాళం కప్పలా?"

"రెండో గిన్నె తాగు, చెప్తాను."

ఇక ప్రతి శనివారమూ అంతే. జూన్ నాటికి హాలిస్ మెర్ల్‌ను తిట్టడం కూడా మొదలుపెట్టాడు.

ఒక శనివారం నేను ముందుగా వెళ్ళేసరికి, మెర్ల్ హాలిస్ పెట్టెలోని తూటాలకు గుడ్డతో శ్రద్ధగా నూనె పూస్తున్నాడు.

"ఇదేమిటి మెర్ల్?"

"ఆరూ పేలితే వాడు ఇల్లు కదలడు మాస్టారూ. మీరు నోరు విప్పకండి."

అంతలో ట్రక్కు ఆగింది. ఎదురువెళ్ళి హాలిస్ చేతిలోని ఖాళీ రివాల్వర్ అందుకున్నాను. వేలు తగలగానే చక్రం గిర్రున తిరిగింది. నాకేమీ అర్థం కాలేదు.

హాలిస్ గొంతు తగ్గించాడు. "మే నెల నుంచీ తూటాల నూనె తుడుచుకునే కాలుస్తున్నాను. పొలంలో ఇప్పుడు ఒక్క ఉడత లేదు."

"మరి ఎందుకొస్తున్నావయ్యా?"

"నేను రాకపోతే వాడొక్కడే తినాలి కద మాస్టారూ."

లోపలికి నడిచి, రివాల్వర్ బల్లమీద పెట్టాడు. "నీ దిక్కుమాలిన తూటా మళ్ళీ బిగిసిందిరా."

మెర్ల్ దాన్ని తీసుకుని, చక్రాన్ని బొటనవేలితో ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు తిప్పాడు. కనుబొమలు ముడిచాడు.

"ఈసారి మరీ గట్టిగా పట్టేసిందిరా. సాయంత్రం దాకా పడుతుంది."

నేను వెళ్ళి మూడో గిన్నె తెచ్చుకున్నాను.