ఐరిష్ జాగారం కోరుకున్న విశ్వనాథం గారు

ఇందులోని ప్రతి అక్షరమూ సత్యమని కన్నతల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను. నన్నెరిగిన బ్రాంప్టన్ మిత్రులు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

విశ్వనాథం గారు ఇక లేరు. మొన్న మంగళవారం సాయంత్రం టొరంటో ఆఫీసు నుంచి రిచ్‌మండ్ హిల్‌కు రైల్లో వస్తూ, చెవులకు హెడ్‌ఫోన్లతో, కూర్చున్న సీట్లోనే కన్నుమూశారు. పక్కవాళ్ళు నిద్రనుకున్నారట. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి, శనివారం ఒషావా షూటింగుకు మైకు బ్యాటరీలు మరిచిపోవద్దని నన్ను హెచ్చరించిన మనిషి! అవి ఇంకా ఛార్జర్‌లోనే ఉన్నాయి. కబురు చెప్పినవాణ్ణి, ఇలాంటి అబద్ధాలు ఆడకూడదని నేనే కసిరాను.

ఆయనది వారమంతా కంప్యూటర్ కొలువు, వారాంతాల్లో డాక్యుమెంటరీల తపస్సు. అవీ ఐరిష్ వారి మీద. ఐర్లండ్ కరవుకు తాళలేక ఓడలెక్కి, దారిలో జ్వరాలకు ఆత్మీయులను సముద్రార్పణం చేసి, ఒంటారియో అడవులను పొలాలుగా మలచుకున్న ఆ కుటుంబాల చరిత్ర ఆయనకు నిత్యపారాయణం. మనవాళ్ళ మీద తీయొచ్చు కదా అంటే, "మనవాళ్ళు కెమెరా కనబడితే చొక్కా మార్చుకొస్తారు. వీళ్ళు కుర్చీ లాగి కూర్చోమంటారు," అనేవారు.

మైకు పట్టే పని నాది. ఆయన పద్ధతి విలక్షణం. ప్రశ్నలు ముగించి టీకి కూర్చునేవారు. ఇంటివాళ్ళ అనుమతితోనే, కెమెరాను మాత్రం ఆపనిచ్చేవారు కాదు. "ప్రశ్నకు జవాబొస్తుందయ్యా. కథ టీ దగ్గరే వస్తుంది." అక్కడ నేను కోసే కోతలను సైతం హెడ్‌ఫోన్లు పెట్టుకుని శ్రద్ధగా వినేవారు.

ఒకసారి ఒషావా అవతల ఐలీన్ అనే ఐరిష్ వృద్ధురాలి పొలంలో ఆవు నా మైకును మింగేసింది. నేను లబోదిబోమంటుంటే ఆయన నిర్వికారంగా, "రికార్డింగ్ ఆపకు," అన్నారు. ఆ ఆవు నెమరువేసిన ధ్వనినే వలస ఓడ దృశ్యంలో సముద్రఘోషగా వాడారు. చూసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఆ ఐలీన్ భర్త పోయినప్పుడు జాగారం చిత్రీకరించడానికి వెళ్ళాం. పార్థివదేహాన్ని రాత్రంతా ఇంట్లోనే ఉంచి, చుట్టూ చేరి, పోయినవాడి మీద కోతలు కోసుకుని నవ్వుకోవడం వారి ఆచారం. శవం పక్కన ఈ నవ్వులేమిటని గొణిగాను.

"ఏడవడానికి అందరూ ఉంటారు. నేను పోతే నువ్వు లేచి ఒక కోత కొయ్యి. మనవాళ్ళలో నిన్ను మించిన అబద్ధాలకోరు లేడు," అన్నారాయన. ఇంటికొచ్చాక తన భార్య సరోజ వదిన ఎదుట మళ్ళీ మాట తీసుకున్నారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ మహానుభావుడు నన్ను అడిగిన కోరిక అదొక్కటే.

శనివారం షూటింగుకు బదులు, అంత్యక్రియలు జరిగే ఫ్యూనరల్ హోమ్‌కు వెళ్ళాను. మంత్రాలు ముగిశాయి. వదిన నా వైపు చూసింది. నేను లేచి ఆవు కథ మొదలుపెడితే బంధువొకాయన ముఖం చిట్లించారు. నేను ఆగలేదు. సముద్రఘోష దాకా వచ్చేసరికి ఆ బంధువుతో సహా హాలు హాలంతా గొల్లున నవ్వింది. విశ్వనాథం గారి కోరిక నెరవేరింది.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఆవు సంగతి కల్పితమని మీరీపాటికి తేల్చేసి ఉంటారు. ఆవు నిజమే. కాకపోతే అది నమిలింది మైకు మీది బొచ్చు తొడుగును, మిగతాది నేను కాస్త సాగదీశాను. అసలు కల్పించింది, లేచి కథ చెప్పాననడం. లేచిన మాట వాస్తవమే. శవపేటికలో ఆ ముఖం చూశాక నోరు పెగల్లేదు. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క అబద్ధమూ తట్టలేదు.

వదిన కాసేపు చూసి, వచ్చి నా పక్కన నిలబడింది. "ఈయన చెప్పలేడు గానీ, నేను చెబుతా వినండి. ఐలీన్ గారికి ఒక ఆవుండేది..."

నేను సాగదీసిన చోటల్లా ఆమె ఇంకొంచెం సాగదీసింది. ముందు తనే నవ్వింది, వెనక వరుసలో ఐలీన్ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నేనొక్కణ్ణే ఏడ్చాను. నా కోతలన్నీ అబద్ధాలని తెలిసీ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరీ వినే మనిషి పోయాక, ఇక ఎవరికి చెప్పను?