తెల్ల చీటీ సీసా

మా జువాలజీ మేడం పోయిన్రు. మొన్న పొద్దుగాల చిక్కడపల్లి నుంచి వాళ్ల ఇంటి ఓనరక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ వెంటనే, "జర జల్ది రా, ఆ సీసాలన్ని మేడం తమ్ముడు పారబోస్తడంట" అన్నది. ఏడుపు కన్న ముందు నాకు కోపమే వచ్చింది.

ఆ సీసాలు మేడం ముప్పై ఏండ్ల కష్టం. నారాయణగూడల మా కాలేజీల పాఠాలు చెప్పుకుంటనే, ఏటా సెలవులల్ల గోదావరి సముద్రంల కలిసే కాడికి పోయేటోళ్లు. మడ అడవుల నడుమ కాల్వలల్ల పడవల కూసొని, సన్నని బట్ట వలతోని నీళ్లు వడగట్టి తెచ్చేటోళ్లు. అందుల ఉండేది జూప్లాంక్టన్, నీళ్లల్ల కొట్టుకపోయే సన్న జీవాలు. పీతలు, రొయ్యలు గూడ పిల్లలప్పుడు గట్లనే ఉంటయి. పోటుకొచ్చే గుంపు వేరే, ఆటుకు దొరికేది వేరే. "సముద్రం లేని హైదరాబాద్‌ల గివెందుకు మేడం?" అని తోటి సార్లు నవ్వితే, "సముద్రం పక్కనున్నోళ్లే చూడాల్నా సార్?" అనేటోళ్లు. ల్యాబ్‌ల జాగ లేదు తీసెయ్యమంటే, ఆటోల రెండు ట్రిప్పులు కొట్టి ఇంటికే తెచ్చుకున్నరు.

ఒక ఏడు నన్ను గూడ తీస్కపోయిన్రు. సీసా లోపల చీటీ వెయ్యాలె, పెన్సిల్‌తోనే రాయాలె అని పదిసార్లు చెప్పిన్రు. నేను షోకుకు జెల్ పెన్నుతోని ముత్యాల్లెక్క రాసిన. మూతలకు ఎర్ర దారం గూడ చుట్టిన. కాలేజీకొచ్చి చూస్తే, జీవాలు చెడిపోకుంట సీసాల పోసిన మందుకు సిరా కరిగి చీటీలన్ని తెల్లగ ఉన్నయి. ఏ కాల్వ నీళ్లో, పోటో ఆటో తెల్వది. మేడం తిట్టలే. "ఊరు పేరు లేకుంటే ఇవి ఉత్త నీళ్లేనమ్మా. మళ్ల పోదాం పా" అన్నరు. మళ్ల పోయినం. ఈసారి పెన్సిల్ చెక్కి నా చేతికిచ్చిన్రు. నాకు చూసుడు నేర్పింది ఆమెనే.

మొన్న ఫోన్ రాంగనే నేను పొయ్యేసరికి మేడం తమ్ముడు గారు సీసాలు బకెట్ల పెడుతున్నరు. బయటి స్టిక్కర్లన్ని ఊడిపోయినయి. "పేర్లే లేవు, ఏం చేస్కుంటవమ్మా?" అన్నరు. ఒక సీసా కిటికీ కాడ పట్టి చూపించిన. లోపల చీటీ మీద మేడం పెన్సిల్ రాత నిన్న రాసినట్టే ఉన్నది. కాల్వ పేరు, తారీఖు, పోటు. ఇంకోటి తీసిన, గదీ అంతే.

"ఒక్కటి గూడ మోరీల పోయనియ్య" అన్న. ఆయన బకెట్ కింద పెట్టిన్రు.

అల్మారా వెనుక ఇంకో సీసా దొరికింది. మూతకు ఎర్ర దారం. లోపల చీటీ తెల్లగ ఉన్నది. ఉత్త నీళ్లన్న మనిషే ఇన్నేండ్లు దాచిపెట్టిన్రు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"దీన్ల ఏం రాసి లేదు గద, ఇదన్న పారబొయ్యి" అన్నరు తమ్ముడు గారు.

"ఇదసలే పారబొయ్య."

ఇప్పుడవన్ని అశోక్‌నగర్‌ల, నేను బయాలజీ చెప్పే కోచింగ్ గదిల ఉన్నయి. ఇవి సిలబస్‌ల లేవు గద అక్కా అని పిల్లలు అడుగుతున్నరు. లేకుంటే లేవు, చూడున్రి అంటున్న. తెల్ల చీటీ సీసా మాత్రం నా బల్ల మీదనే పెట్టుకున్న. బల్ల జర కదిలితే చాలు, అడుగునున్న సన్న జీవాలన్ని పైకి లేస్తయి. ఆ చీటీ చుట్టు తిరిగి, మెల్లగ దిగుతయి.