కూలర్ ముందర చెప్పుల జత

నేను ఆఫీసులో అడుగుపెడితే నలుగురూ నాలుగు దిక్కులకు పరిగెత్తేవారు. భయంతో కాదు, సామాన్లు దాచడానికి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నా ఉద్యోగం అలాంటిది. ఆఫీసుల్లో ప్లగ్గున్న ప్రతి వస్తువునూ పరీక్షించి, షాక్ కొట్టదని తేలితే పచ్చ స్టిక్కరు, కొడుతుందని తేలితే ఎర్ర స్టిక్కరు అంటించడం. కంప్యూటర్లూ జిరాక్స్ మిషన్లూ బుద్ధిగా బల్లల మీదే ఉండేవి. బీరువాల్లోకి దూరేవి వేరే ఉండేవి. నీళ్లు కాచుకునే కాయిల్, నిలువెల్లా టేపు చుట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇంటినుంచి తెచ్చుకున్న బుల్లి ఫ్యాను. ఓసారి తుర్కపల్లిలో ఒక ల్యాబు ఆఫీసులో బీరువా గుర్రుమని చప్పుడు చేసింది. తెరిస్తే లోపల ఫ్యాను తిరుగుతోంది. దాచిన పెద్దమనిషి తొందరలో స్విచ్చి ఆపడం మరిచాడు.

పచ్చ స్టిక్కరుకు మాత్రం ఎక్కడలేని గిరాకీ. అది దిష్టిబొమ్మలా పనిచేస్తుందని కొందరి నమ్మకం. ఒకాయన తన స్కూటరుకు కూడా ఒకటి వేయమని వెంటపడ్డాడు. ఇలాంటివాళ్లతో రోజూ వేగడం వల్లనేమో, అసలే కొద్దిపాటి ఓర్పు ఉన్న నాకు అదీ అరిగిపోయింది. కొంపల్లిలో మా కాలనీ మలుపు దగ్గర పొద్దున్నే క్యాబు ఎక్కేటప్పుడే నా మొహం గంటు పెట్టుకుని ఉండేదని తోటివాళ్లు అనేవారు.

ఆ ల్యాబువాళ్లే శామీర్‌పేటలో ఒక మేడ పైభాగాన్ని ఆఫీసు కోసం అద్దెకు తీసుకోబోయారు. ఆ భవనంలో ప్లగ్గున్న ప్రతిదానికీ పచ్చ స్టిక్కరు పడితేనే తాము దిగుతామని షరతు పెట్టారు. కింది భాగంలో ఇంటి యజమాని ప్లాట్లు అమ్మే ఆఫీసు నడుపుతున్నాడు. తాతలనాటి భూముల్లోనే రాళ్లు పాతించి అమ్ముతున్న మనిషి. అలా ఆయన ఆఫీసు కూడా నా లెక్కలోకి వచ్చింది.

గుమ్మం బయట చెప్పులు వదలమన్నారు. గోడమీద దేవుళ్ల పటాలు, వాటి పక్కన ఆయన తండ్రి ఫోటో, ఆ పక్కనే పసుపు కుంకుమ బొట్లతో ప్లాట్ల మ్యాపు. అంత పవిత్రమైన గదిలో, ఇనప రేకుల పాత కూలర్ ముందు మాత్రం ఒక జత నీలం రబ్బరు చెప్పులు దర్జాగా ఉన్నాయి.

"ఇవెవరివండీ?" అన్నాను.

"కూలర్‌వి మేడం," అన్నాడు యజమాని.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎగతాళి ఏమీ లేదు.

"కూలర్ ఏసేటోల్లు అవి తొడుక్కొని ఏస్తరు. ఉత్త కాళ్లతోని ముడితే జర్ర గుంజుతది. నాయిన పోయిన కాడికెల్లి గిట్లనే ఉన్నది. పాతయి అరిగిపోతే మొన్ననే కొత్తయి తెచ్చిన."

చెప్పులు కొన్న జాగ్రత్తకు నేను మెచ్చుకుంటానని ఆయన ఎదురుచూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోతుండగా లోపలి తలుపులోంచి ఆయన తల్లి వచ్చింది. బక్కపలచటి మనిషి. ఉత్త కాళ్లతో నింపాదిగా నడిచివచ్చి, పీట లాక్కుని కూలర్ పక్కన కూర్చుంది. నీలం చెప్పుల వంక కన్నెత్తి చూడలేదు. కుడి అరచెయ్యి తీసి రేకుమీద పెట్టింది. మోచెయ్యి దాకా సన్నగా వణికింది.

నేను కెవ్వుమన్నాను. "మామ్మగారూ, చెయ్యి తియ్యండి!"

"ఏంది బిడ్డా, గట్ల మొత్తుకుంటవు? ఇది నా మందు. గా మామ్మేంది? అవ్వ అను."

కొడుకు తల గోక్కున్నాడు. "అమ్మకు కీళ్ల నొప్పులు మేడం. దవాఖానలు తిరిగి పరేషాన్ అయినం. గీ కూలర్ ముట్టినంక నయమున్నదంటది."

"చెప్పులన్నా తొడుక్కోమని చెప్పలేకపోయారా?"

"చెప్పులు తొడుక్కుంటె మందెట్ల పని జేస్తది?" అంది అవ్వ.

ఆ మాటలో సైన్సు ఉంది, కాదనలేను. పైగా ఆవిడ ఒక్కతే కాదట. ప్లాటు కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి అప్పుడప్పుడూ పంచె పైకెత్తి మోకాలు ఆనించుకుని పోతాడట. కరెంటు పోయిన రోజుల్లో వైద్యం బంద్.

మాటలతో లాభం లేదని టెస్టర్ తీసి రేకుకు ఆనించాను. ఎర్రగా వెలిగింది. అదే నా సాక్ష్యం అనుకున్నాను. అవ్వ కళ్లు కూడా వెలిగాయి. "సూసినవార, ఎంత బలమున్నదో," అంది కొడుకుతో.

ప్లగ్గు పీకి విప్పి చూశాను. రేకులోకి వచ్చిన కరెంటును నేలలోకి దింపాల్సిన మూడో తీగను ఎవరో మెలితిప్పి వదిలేశారు. లోపల నీళ్లు తోడే మోటారు తడిసి కరెంటు రేకులోకి కారుతోంది. కింద షాబాదు బండలు పొడిగా ఉన్నన్నాళ్లు అది గుంజి వదిలేస్తుంది. బండలు కడిగిన రోజున వదలదు. ఇలాంటి వస్తువు దొరికితే ప్లగ్గు కత్తిరించి యజమాని చేతిలో పెట్టడం మా పద్ధతి. కత్తెర తీశాను. నాకంటే ముందే అవ్వ ప్లగ్గును గుప్పిట్లో బిగించింది.

యజమాని ఇరకాటంలో పడ్డాడు. ఒకపక్క పైన దిగబోయే కంపెనీ, ఒకపక్క తల్లి.

"పచ్చది ఏసి పోరాదు మేడం. అమ్మను నేను సూస్కుంట," అన్నాడు.

"చెప్పులు కొనడం తప్ప మీరేం చూసుకుంటున్నారు?" అన్నాను.

అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాను. "తడి బండమీద కూర్చుని దీన్ని ముట్టుకుంటే ప్రాణం పోతుంది అవ్వా."

"పోతె పోతది. ఎన్నేండ్లుండాలె?" చారులో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా అంది. "ఇది బందయితె నా చెయ్యి ఎవరు సూడాలె?"

"నేను చూస్తాను." కోపంలో నోరు జారింది. "తుర్కపల్లి వెళ్లేటప్పుడు దారిలో దిగి నూనె రాసి ఒత్తుతాను. ముందు ఆ ప్లగ్గు ఇవ్వు."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. తరతరాలుగా భూములు బేరమాడిన ఇంటి మనిషి ఊరికే ఒప్పుకుంటుందా? వారానికోసారి అంటే కుదరదంది. రోజూ రావాలంది. నేను కూడా దిగిరాలేదు. చివరికి వారానికి రెండుసార్లకు బేరం తెగింది. అప్పుడు గుప్పిలి విప్పింది. ఆవిడ మనసు మారేలోగా ప్లగ్గు కత్తిరించేశాను.

మోటారు మార్పించి, కొత్త తీగ వేయించి, పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ చేయించారు. మళ్లీ పరీక్షించి పచ్చ స్టిక్కరు అంటించాను. ఆ తర్వాత అవ్వ తన పరీక్ష తాను చేసింది. అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసి, "సచ్చింది," అంది. కొడుకు పకపకా నవ్వాడు. పైన కంపెనీ దిగింది, నీలం చెప్పులు బాత్‌రూము గుమ్మానికి బదిలీ అయ్యాయి.

నేను ఇరుక్కుపోయాను. వారానికి రెండుసార్లు క్యాబు ఆ మేడ ముందు ఆగేది. లోపలివాళ్లు గొణిగేవారు, డ్రైవరు హారన్ కొట్టేవాడు. నేను నువ్వుల నూనెతో అవ్వ వేళ్లు ఒత్తుతూ ఉండేదాన్ని. అంత ఒత్తినా ఆవిడ మెచ్చుకున్నది లేదు. "జర్ర గట్టిగ ఒత్తు, బువ్వ తినలేదా?" అనేది.

ఓసారి మేడ్చల్ వైపు ఫ్యాక్టరీల్లో పనిపడి వారమంతా ఇటు రాలేకపోయాను. ఆ తర్వాత వెళితే అవ్వ మొహం తిప్పుకుంది. "మిషన్లన్నిటిని సూస్తవు. నేనే యాదికి లేను."

బతిమాలి చెయ్యి అందుకున్నాను. ఒత్తుతూ, "నిజం చెప్పవ్వా. నేను ఒత్తితే ఏమైనా తగ్గిందా?" అన్నాను.

"లే."

"అయితే కూలరే నయమా?"

"దాంతోని గూడ తగ్గలే," అంది. "ఇంట్ల అందరు మంచోల్లే బిడ్డా. యాల్లకు బువ్వ పెడ్తరు. దూరంకెల్లి దండం పెడ్తరు. ముసలిదాని చెయ్యి ఎవలు ముడ్తరు? గా కూలర్ ఒక్కటే జర్ర కదిలిస్తుండె."

బయట హారన్ మోగుతూనే ఉంది. క్యాబును వెళ్లిపొమ్మని యజమానితో కబురు పంపి, ఆ రెండో చెయ్యి కూడా ఇమ్మన్నాను.

"దానికేం నొప్పి లేదు," అంది అవ్వ.

అయినా ఇచ్చింది.