కమలాబాయి వెనక్కి తీసుకోని ఫిర్యాదు

2018 ఆగస్టు పదకొండు, శనివారం, ఆషాఢ అమావాస్య. తెల్లవారుజామున కురిసిన వాన పొద్దెక్కేసరికి నిలిచిపోయి, మేడ్చల్ అంతటా ఉక్కపోతను మిగిల్చింది. అమావాస్యనాడు మా ఊరి హార్డ్‌వేర్ దుకాణాలను తెరవరు. ఆ సెలవురోజునే వర్తక సంఘం సమావేశమవుతుంది. సంఘం కార్యాలయం మా ఇంటి మేడమీది గది. ఇంటి యజమానిని గనుక నన్నూ పిలిచి ఒక కుర్చీ, ఒక చాయ్ ఇస్తారు. తెలుగు పండితుడిగా బతుకంతా నిలబడి మాట్లాడినవాడికి, పదవీ విరమణ తర్వాత కూర్చుని వినడం ఒక వేడుక. ఆనాటి సమావేశం మాత్రం వేడుకగా లేదు.

ఫిర్యాదు అనే పదం మనకు పారసీకం నుంచి వచ్చింది. వచ్చిన దారి మరచిపోయి, విభక్తులన్నీ తొడుక్కుని ఇంటిపదంలా తిరుగుతోంది. మూలభాషలో దానికి సాయం కోసం వేసే కేక అని అర్థం. మన కార్యాలయాలకు చేరేసరికి కేక పోయి కాగితం మిగిలింది. కమలాబాయి రాసిన ఫిర్యాదులో మాత్రం కేక ఇంకా ఉంది.

కమలాబాయిది స్టేషన్ రోడ్డులో ఇరుకైన హార్డ్‌వేర్ దుకాణం. భర్త పర్వతాలు ప్లంబరు. పాత ఇళ్లు కూల్చినచోట అతడు ఏరి తెచ్చిన గొట్టాల ముక్కలనూ వాటిని కలిపే సాకెట్లనూ డబ్బాల్లో సర్ది అమ్మడంతో ఆమె వ్యాపారం మొదలైంది. ఏడో తరగతి వరకు మా బడిలోనే చదివిందట. నేను బదిలీపై అక్కడికి వచ్చేనాటికే మానేసింది కాబట్టి ఆమె వాక్యనిర్మాణానికి నేను బాధ్యుణ్ని కాను. నోరు పెద్దది. బేరమాడేవారిని “అగ్గువకు గావాల్నంటే పాతసామాను బండికాడికి పో” అని పంపేది. అయినా జనం వచ్చేవారు.

మా బజారులో చేబదులు అనే ఆచారం ఉంది. కొనేవారు అడిగిన వస్తువు తన దగ్గర లేకపోతే, దుకాణదారు వారిని కూర్చోబెట్టి పక్క దుకాణం నుంచి తెప్పించి ఇస్తాడు. తర్వాత అదే రకం వస్తువు తిరిగి ఇచ్చేస్తాడు. పెద్ద గోదాములున్నవారికి ఇది సౌకర్యం. కమలాబాయి వంటి చిన్న దుకాణానికి ఇదే ఊపిరి.

సంఘాధ్యక్షుడు రాజారావు. భూములున్నాయి, వెంచర్లున్నాయి, ఊరిలోకెల్లా పెద్ద గోదాము ఉంది. కొత్త పన్ను విధానం వచ్చాక, తన మేనల్లుడు శ్రవణ్ అమ్ముతున్న లెక్కల సాఫ్ట్‌వేర్‌ను సభ్యులందరిచేతా కొనిపించారు. తెరమీద చేబదులుకు ప్రత్యేకంగా ఒక బటన్ ఉండేది. దాన్ని నొక్కినా ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వస్తువును అమ్మినట్టే రాసుకునేది. ఒకే కుళాయి పలు దుకాణాలు తిరిగివస్తే తిరిగినన్ని అమ్మకాలు. ఆ లెక్కే పన్నుల శాఖకు చేరింది. అమ్మని సరుకుకు పన్ను కట్టమంటూ చాలామందికి నోటీసులు వచ్చాయి. సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినది కమలాబాయి ఒక్కతే.

ఆనాటి సమావేశంలో రాజారావు ఆ కాగితాన్ని మడత విప్పకుండానే బల్లమీద పడేశారు.

“ఏందమ్మా కమలా, సంఘం మీదనే కాయితం రాసినవు? నోటితోని చెప్తే వినకపోదుమా?”

“నోటితోని మస్తుసార్లు జెప్పిన సార్. విన్నరు. చాయ్ తాపి పంపిన్రు.”

ఒకరిద్దరు నవ్వబోయి, రాజారావు తలెత్తి చూడగానే మానుకున్నారు. శ్రవణ్ లేచాడు.

“అక్కా, సాఫ్ట్‌వేర్ల తప్పేం లేదు. మీరే తప్పు బటన్ ఒత్తుతున్నరు. ట్రైనింగ్ ఇచ్చిన్నాడు మీరు రాలే.”

“వచ్చిన బిడ్డా. నువ్వే బిర్యాని పొట్లాలు పంచి ఎల్లిపోయినవు. సరే, కంప్యూటర్ గీడనే ఉన్నది గద. నువ్వే ఒత్తు. నీ ఏలుతోనే ఒత్తు, అందరం జూస్తం.”

“ఇప్పుడు సర్వర్ డౌన్ ఉందక్కా.”

“నేనడిగినప్పుడల్ల పండుకుంటదా అది? నాకు నోటీసు పంపేటప్పుడు మంచిగనే లేసి కూసుంటది.”

ఆమె పక్కకు తిరిగింది. ఆమె దుకాణానికి గోడ ఆనుకుని రంగులు అమ్మే జైపాల్ అక్కడ కూర్చుని ఉన్నాడు. “జైపాల్ అన్నా, నీకు గూడ వచ్చింది గదనే నోటీసు. లేసి చెప్పు.”

“నాది నేను జూస్కుంట చెల్లె” అని అతడు ఫోనులో తల దూర్చాడు. గదిలో మరెవరూ లేవలేదు. సగం దుకాణాలకు సిమెంటూ ఇనుమూ రాజారావు గోదామునుంచే అరువుకు వెళ్తాయి.

“జూస్కో. మంచిగ జూస్కో” అని కమలాబాయి మెట్లు దిగిపోయింది. చాయ్ ముట్టలేదు.

కొద్ది రోజుల్లోనే సంఘం జవాబు బోర్డుమీదికి ఎక్కింది. “సాఫ్ట్‌వేర్‌లో ఎట్టి లోపమును లేదని నిర్ధారించబడినది. చేబదులు అను క్రమరహిత అలవాటు వలన లెక్కలు తారుమారగుచున్నందున సదరు అలవాటు నిషేధించబడినది. ఉల్లంఘించినవారి సభ్యత్వము రద్దు చేయబడును.” కర్మణిప్రయోగం తెలుగుకు సహజం కాదని ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ని. చేసినవాడి పేరు చెప్పడం ఇష్టం లేనప్పుడే మనవాళ్లకు అది గుర్తొస్తుంది. వ్యాకరణాన్ని అలా ఉంచుదాం. ఆ నోటీసుతో కమలాబాయికి పక్కవాడు ఒక మేకు కూడా ఇవ్వలేదు. వచ్చినవాళ్లు అడిగినది దొరక్క రాజారావు దుకాణానికి నడిచారు. ఇలాగే సాగితే దసరా నాటికి షట్టరు దించక తప్పదని ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం నేను కుళాయి వాషరు కోసం ఆ దుకాణంలో ఉండగా రాజారావు కారు వచ్చి ఆగింది.

“కమలమ్మా, పాత ఇనుపగొట్టం సాకెట్ ఒకటి నీతాననే ఉన్నదంట. ఇయ్యి. బౌరంపేట్ల మన విల్లాలకు నీళ్లు బందైనయి.”

“ఉన్నది సార్. బదులియ్యరాదని బోర్డుకు మీరే వెట్టిన్రు గద.”

“బదులేందమ్మా, కొంటున్న. పైసలెంతైనా తీస్కో.”

“అమ్మాల్నంటే మీ సాఫ్ట్‌వేర్ల బిల్లు కొట్టాలె. సర్వర్ డౌన్ ఉంది.”

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. గల్లా బల్లమీదికి వంగి గొంతు తగ్గించారు.

“కోపమెందుకు? నీ కాయితం వాపస్ తీస్కో. నీ దుకాణానికి మట్టుకు బదులు నడుస్తది. ఎవ్వడన్న అడిగితే నేను జూస్కుంట.”

 ఆమె ఖాళీ అవుతున్న అరలవైపు చూసింది. ఒక్క సంతకంతో దుకాణం నిలుస్తుంది.

“నాకొక్కదానికే నడిస్తే, మిగిలినోళ్లంత తప్పు బటన్ ఒత్తినట్టే గద సార్? సాఫ్ట్‌వేర్ది తప్పని రాసి బోర్డుకు వెట్టుండ్రి. సాకెట్ పుణ్యానికిస్త.”

“మరి సంఘం ఇజ్జత్ ఏంగావాలె?”

“నా దుకాణం ఏంగావాలెనని ఒక్కనాడన్న అడిగిన్రా?”

కారు వెళ్లిపోయింది. లోపలినుంచి పర్వతాలు వచ్చి అరిచాడు. “గాడ పిల్లలు నీళ్లు లేక పరేషానైతరే! వాళ్లేం జేసిన్రు నిన్ను?”

“రాణిగంజ్‌ల దొరుకుతది. పోయి తెచ్చుకోమను.”

సాకెట్ పట్నంలోని రాణిగంజ్ బజారులో దొరికేసరికి మరునాటి సాయంత్రమైంది. అంతవరకు ఆ ఇళ్లకు నీళ్లు లేవు. ఆమె చేసినది ఒప్పని నేను అనను. పర్వతాలుకు ఆ కాలనీలో ఉన్న పనులన్నీ పోయాయి. చాలాకాలం అతడు ఆమెతో మాట్లాడకుండానే అన్నం తిన్నాడు.

తర్వాతి అమావాస్యకు, సంఘం పరువు తీసిందంటూ ఆమె సభ్యత్వం రద్దు చేశారు. దుకాణం గది యజమాని రాజారావుకు దగ్గరి చుట్టం. ఖాళీ చేయమన్నాడు. సామాను ఆటోట్రాలీకి ఎక్కిస్తున్నప్పుడు జైపాల్ వచ్చి ఒక డబ్బా ఎత్తబోయాడు.

“చెయ్యి వెట్టకు” అన్నదామె. “పో, నీది నువ్వు జూస్కో.”

ఆమె షామీర్‌పేటకు వెళ్లిపోయింది. రెండేళ్లకు సంఘం ఆ సాఫ్ట్‌వేర్‌ను మానేసింది. “మెరుగైన సేవల నిమిత్తం” అని బోర్డుమీద రాశారు. చేబదులు కూడా చడీచప్పుడు లేకుండా మళ్లీ మొదలైంది. తప్పు జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు, సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదన్న పాత తీర్మానం రద్దూ కాలేదు.

2024లో రాజారావు తప్పుకోగా జైపాల్ అధ్యక్షుడయ్యాడు. సంఘం రజతోత్సవానికి పాత సభ్యులను సన్మానించాలని కమలాబాయికీ ఆహ్వానం పంపాడు. ఆమె జవాబు వచ్చినరోజు ఆ కాగితం పట్టుకుని మేడదిగి నా దగ్గరకొచ్చి, “దీనికి ఏమని రాయాలె సార్?” అన్నాడు.  నకలు తీసుకున్నాను. ఒక్క అక్షరమూ దిద్దకుండా ఇక్కడ ఇస్తున్నాను.

“అధ్యక్షులు జైపాల్ అన్నకు,

మీ పత్రిక అందింది. శాలువ కప్పుతమని రాసిన్రు. నేను రాను.

పన్నోళ్ల జుర్మానా మొత్తం నేనే కట్టిన. ఈడ దుకాణం నడుస్తాంది. చుట్టుపక్కలోళ్లు బదులిస్తున్నరు, నేను గూడ ఇస్తున్న. ఆయన ఇంక పనికి పోతనే ఉన్నడు. మోకాళ్లు నొస్తున్నయి గని ఎవ్వలకు జెప్పడు.

మీ పత్రికల అప్పట్ల కొంత అసౌకర్యం కలిగింది అని ఉన్నది. ఎవలకు కలిగింది, ఎవలు జేసిన్రు, గది రాయలే. గా తీర్మానం మీ బుక్కుల అట్లనే ఉన్నదని తెల్సింది. దాన్ని కొట్టేసి, సాఫ్ట్‌వేర్ది తప్పని ఒక్క లైను రాసి సంతకం వెట్టు. ఆనాడు లేసి నిలవడలే నువ్వు. ఇప్పుడు కూసోనే రాయొచ్చు.

రాసిన్నాడు ఫోన్ గొట్టు, వస్త. శాలువ వద్దు.

మీ సభ్యులకెవ్వలకన్న పాత సామాను గావాలంటే షామీర్‌పేటకు పంపు. బదులుగనే ఇస్త. రాజారావు సాబ్ మనుషులకు మాత్రం ఇయ్య.

కమలాబాయి”