మా మావయ్యగారి తల లైటు

మా మావయ్యగారికి కళ్ళు పోయాయన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది చేపలబుట్ట వదిన. మా వీధిలో చేపలు కొని అవనిగడ్డ తీసుకెళ్ళి అమ్ముకునే మనిషి. ఆ పొద్దున బుట్ట దించకుండానే మొదలుపెట్టింది.

"ఏమమ్మా, మీ మావయ్య రాత్రి మలుగుచేపనుకుని పామును బుట్టలో వేశాడంట! అది చూసి మిగతా ముగ్గురూ వల వదిలేసి ఒడ్డుకి పరిగెత్తారంట. ఇంకోసారి ఇట్లా అయితే బాబాయిని ఒడ్డున కూర్చోబెట్టేస్తానని మీ బావగారు అందరి ముందూ అనేశాడు."

బావగారంటే మావయ్యగారి అన్నకొడుకు. నలుగురు కలిసి లాగే వలకు ఆయనే పెద్ద. దివిసీమ చివర, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోటు తగ్గాక రాత్రిపూట నడుములోతు నీళ్ళలో దిగుతారు. మీసం రాకముందు నుంచి మావయ్యగారిది అదే పని. నీళ్ళలో దిగవద్దంటే ఆయనకు అన్నం తినవద్దన్నట్టే. వదిన వెళ్ళాక ఆయన అన్న మాట ఇది:

"ఒడ్డున కూర్చునేవి రెండేనమ్మా. కొంగ, ముసలోడు. కొంగకైనా చేప దొరుకుద్ది."

నాకు మాత్రం అనుమానం ఉంది. రెండు చేతులూ వలకు కావాలి కాబట్టి, ఆయన ఇన్నేళ్ళూ టార్చిని పళ్ళతో కరిచి పట్టుకున్నారు. ముందు పళ్ళు ఊడిపోయాక ఆ టార్చి చేప మీద తప్ప మిగతా సముద్రమంతటా వెలుగు వేసేది.

"పోయింది కళ్ళు కాదేమో మావయ్యా, పళ్ళేమో," అన్నాను.

ఆయన మొహం ఎంత విప్పారిందంటే, ఆ మాట నా నోట పెట్టినందుకు దేవునికి అక్కడే స్తోత్రం చెప్పుకున్నాను. మర్నాడే తలకు పెట్టుకునే లైటు కొనడానికి బయల్దేరాం. నా భర్త ఐసు లారీ మీద ఊరు దాటి ఉన్నారు కాబట్టి నేనే తోడు.

"బందరులో దొరకవా, గుడివాడ దాకా ఎందుకు?" అన్నారు అత్తయ్యగారు.

"బందరులో కొంటే నాకు చూపు తగ్గిందని మొగలో రొయ్యపిల్లకి కూడా తెలిసిపోద్ది," అన్నారాయన.

గుడివాడలో షాపతను నాలుగు రకాలు బల్లమీద పెట్టాడు. "ఇది తీసుకోండి బాబాయ్, కిలోమీటరు దూరం కొడుద్ది."

"కిలోమీటరు దూరంలో నాకేం పనయ్యా? నా మోకాలి దగ్గరున్నది చేపో పామో తెలిస్తే చాలు."

రెండోదానికి బ్యాటరీ బరువు. మావయ్యగారు దాన్ని తలకు తగిలించుకుని, షాపు మధ్యలో నడుం వంచి లేని వలను లాగడం మొదలుపెట్టారు. లైటు జారి ముక్కుమీద కూర్చుంది. ఫ్యాను కొనడానికి వచ్చినవాళ్ళు ఫ్యాను మర్చిపోయి చూస్తున్నారు. మూడోదానికి మీట మరీ చిన్నది. నా సీసాలోని నీళ్ళతో వేళ్ళు తడిపి నొక్కి చూశారు, అందలేదు. నాలుగోది తేలిక. వెలుగు దూరం పోకుండా వెడల్పుగా, కాస్త పచ్చగా పడుతోంది. బ్యాటరీ మూతకు రబ్బరు చుట్టు ఉంది.

"నీళ్ళు దూరవా?"

"వాటర్ ప్రూఫ్ బాబాయ్! గ్యారంటీ."

"అయితే ఓ బకెట్టు నీళ్ళు తే."

షాపతని మొహం పాలిపోయింది. అయినా తెచ్చాడు. లైటు వెలిగించి మావయ్యగారు నిదానంగా ముంచుతుంటే నేను ప్రార్థించాను. మా కోసం కాదు, పాపం, ఆ అబ్బాయి ఇచ్చిన మాట కోసం. లైటు బకెట్టు అడుగున వెలుగుతూనే ఉంది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది షాపతనే. చెప్పిన మాటకు సరైన సరుకు ఇచ్చిన అతన్ని దేవుడు చల్లగా చూడాలి.

లైటు సంరక్షణ నాకు అప్పగించారు. పొద్దున ఆయన రాగానే మంచినీళ్ళతో కడగాలి, మూత తీసి రబ్బరు చుట్టు తుడవాలి, బ్యాటరీలు బయటపెట్టి నీడన ఆరబెట్టాలి. "ఉప్పు దొంగలాంటిదమ్మా. సందిస్తే కాపరం పెడుద్ది. సబ్బు మాత్రం తగలనియ్యకు, రబ్బరు చెడిపోద్ది," అన్నారు. తలపట్టీ ఉతకడం ఒక్కసారి ఆలస్యమైతే, పక్కింటి పిల్లి దాన్ని కావలించుకుని పడుకుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. బుట్టలోకి పాములు రాలేదు. తర్వాత మావయ్యగారిలో మాట తగ్గింది. గోడమీది క్యాలెండరును దగ్గరకెళ్ళి చూసేవారు, వెనక్కి నడిచి చూసేవారు. ఒకరోజు నాతో మెల్లగా అన్నారు:

"పగలు బాగానే ఉందమ్మా. రాత్రి లైటేస్తే మంచు పట్టినట్టుంటంది. ఈసారి పళ్ళు కాదు."

"డాక్టరుకి చూపిద్దాం మావయ్యా."

"డాక్టరు చెప్తే నిజమైపోద్ది."

ఆ సాయంత్రం బావగారు పిలవడానికి వచ్చేసరికి మావయ్యగారు చొక్కా కూడా మార్చుకోలేదు. లైటు తీసి బావగారి చేతిలో పెట్టారు.

"నువ్వు పెట్టుకోరా. మంచి లైటు. నేను ఒడ్డున తాళ్ళు చూసుకుంటాలే."

బావగారికి ఏం చెయ్యాలో తోచక లైటు తలకు తగిలించుకుని, చీకటిగా ఉన్న వలల గదిలోకి వెళ్ళి వెలిగించారు. కాసేపటికి లోపలి నుంచి కేక:

"బాబాయ్! నాకూ కళ్ళు పోయాయి!"

బయటికి వచ్చి లైటు అద్దాన్ని వేలితో రుద్ది వాసన చూశారు. "ఇది ప్రార్థన నూనె కదూ?"

అందరం అత్తయ్యగారి వైపు తిరిగాం. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా ఆవిడ దగ్గరే ఉంటుంది. మావయ్యగారు సముద్రానికి బయల్దేరినప్పుడల్లా నుదుటికి ఒక బొట్టు రాసి పంపడం ఆవిడకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు.

"నన్ను చూస్తారేం?" అన్నారావిడ. "ఇన్నాళ్ళూ నుదుటికే రాశాను. ఇప్పుడు నుదురెక్కడుంది, అదంతా ఈ లైటేగా! నుదురున్న చోటే రాశాను. పాములుండే చోటికి వెళ్ళే మనిషని, రోజుకి ఒక్క బొట్టు."

రోజుకో బొట్టు పేరుకుంది. నా మంచినీళ్ళు దాని పైనుంచి జారిపోయాయి. పైన ఉప్పు, ఇసక పొర కట్టాయి. రబ్బరు చుట్టు ఊడదీసి, అద్దాన్ని శనగపిండితో రుద్ది కడిగి తెచ్చాను. మావయ్యగారు తగిలించుకుని వలల గదిలోకి వెళ్ళారు. ఈసారి లోపలి నుంచి వచ్చింది తిట్టు.

"ఒరేయ్, ఈ మూల వల ఇంత తెగితే నలుగురిలో ఒక్కడూ చూళ్ళేదా? కళ్ళున్నాయా మీకు?"

"పద బాబాయ్, పోటు తగ్గిపోతంది," అన్నారు బావగారు నవ్వాపుకుంటూ. ఒడ్డు మాట ఇక ఎత్తలేదు.

అత్తయ్యగారు మాత్రం నూనె సీసా చెంగులో దాచుకుని గుమ్మం పక్కకు తప్పుకున్నారు. మావయ్యగారు మెట్టు దిగినవారు మళ్ళీ వెనక్కి వచ్చి, లైటు తీసి తల వంచారు.

"ఇప్పుడు రాయవే. నూనె ఇంకాక పెట్టుకుంటాలే లైటు."

ఆవిడ రాశారు. వెనకే బావగారూ వంగారు. "పిన్నీ, నాకూ ఓ బొట్టు."

ఇప్పుడు తుఫాన్ల కాలం. వాళ్ళు వెళ్ళిన రాత్రుల్లో అత్తయ్యగారు మంచం ఎక్కరు. ఎంత చెప్పినా వినకుండా, అడుగుల చప్పుడు వినిపించేదాకా గుమ్మంలోనే కూర్చుంటారు. ఇది చదివిన మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, ఈ రాత్రి పడుకోబోయే ముందు ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.