ఆర్డిస్ చేసిన ఫోన్లు

ఆర్డిస్ టోర్గర్‌సన్ మా కాలేజీలో అడ్మిషన్లు చూసేది. కెనడా మైదానాల్లో, మ్యాపులో వెతుక్కోవలసిన ఊరు మాది. సీటు వచ్చిన సంగతి ఆమె ఎవరికీ ఉత్తరం రాసి ఊరుకునేది కాదు, ఫోన్ చేసి చెప్పేది. పక్క బల్ల దగ్గర లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ పదకొండేళ్లు ఆ ఫోన్లు విన్నాను. అవతలి మనిషి ఏడిస్తే ఈమె కళ్లజోడు తీసి తుడుచుకునేది.

డార్లా హ్రిట్సాక్‌ను నర్సింగులో చేర్పించింది కూడా ఆర్డిసే. డార్లా వృద్ధాశ్రమంలో ఆయా. ఆర్డిస్ తల్లికి చివరిదాకా స్నానాలు చేయించిన మనిషి. ఒకరోజు ఆర్డిస్ దరఖాస్తు పట్టుకుని అక్కడికే వెళ్లింది.

"ముప్పై తొమ్మిదేళ్లకు చదువేంటి, ఆర్డిస్? నా మోకాళ్లే నా మాట వినట్లేదు."

"పరీక్ష మోకాళ్లతో రాయవుగా. సంతకం పెట్టు."

డార్లా మొదటి ఏడాది తరగతిలో రెండో స్థానంలో నిలిచింది. ఆ మార్కుల కాగితాన్ని ఆమె భర్త లెన్, డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా జేబులో పెట్టుకెళ్లి అందరికీ చూపించేవాడు.

మరుసటి మార్చిలో బడ్జెట్ వచ్చింది. ప్రావిన్సు ప్రభుత్వం కాలేజీలకిచ్చే డబ్బు తగ్గించింది. మిగిలినది కూడా ఎంతమంది చదువు ముగించారో లెక్క చూసి ఇస్తామంది. పెద్ద క్యాంపస్‌లు ఎలాగో తట్టుకున్నాయి. మా ఊళ్లో నర్సింగు జూన్‌తో ఆపేయాలనీ, పిల్లలు సిటీకి వెళ్లి ముగించుకోవాలనీ సిటీలో కూర్చున్న కాలేజీ బోర్డు తీర్మానించింది. సిటీ రెండున్నర గంటల దారి.

అందరికీ పంపమని ఆర్డిస్‌కు ఒక ఈమెయిల్ రాసిచ్చారు. ఆమె రెండుసార్లు చదివింది.

"'మార్పు' అట. మూసేస్తున్నాం అనడానికి వీళ్లకి నోరు రాలేదు," అంది.

ఆ ఈమెయిల్ పంపలేదు. ఇరవై రెండు మందికి రెండు రోజులపాటు తానే ఫోన్ చేసింది. ఇరవై మూడో పేరు డార్లాది. ఆ ఫోన్ చేయలేక, నన్ను కారు తీయమంది.

చదువుకుంటూనే పాత పని వదలని డార్లా, ఆశ్రమంలో ఒక ముసలాయనకు సూప్ తాగిస్తోంది. ఆర్డిస్ చెప్పినదంతా విని, చెంచా ఆపకుండానే అడిగింది.

"నేను సిటీకి పోతే లెన్‌ని వారానికి మూడుసార్లు ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు?"

గిన్నెలో మిగిలిన సూప్ కూడా తాగించి, ముసలాయన మూతి తుడిచింది.

"నువ్వు ఆ దరఖాస్తు కాగితం తేకుండా ఉండాల్సింది, ఆర్డిస్. నా పని నేను చేసుకుంటూ పోయేదాన్ని. చదవగలనని నాకు తెలిసేదే కాదు."

తిరిగి తన ఇల్లు వచ్చాక కూడా ఆర్డిస్ చాలాసేపు నా కారులోనే కూర్చుంది.

మేలో విద్యామంత్రిగారు మా కమ్యూనిటీ హాలుకు వచ్చారు. మర్యాదస్తుడు. చాలా పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే వీలుందని వివరించారు. ఆర్డిస్ లేచింది.

"సూది కూడా ఆన్‌లైన్‌లోనే పొడుస్తారా?"

హాలంతా నవ్వింది. మంత్రిగారూ నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆ రాతతో అయిందేమీ లేదు.

జూన్‌లో తరగతి గదులకు తాళాలు పడ్డాయి. ఇరవై ముగ్గురిలో తొమ్మిది మంది సిటీకి వెళ్లారు, మిగతావాళ్లు చదువు మానేశారు. డార్లా మానేసింది. ఆర్డిస్ ఉద్యోగం కూడా పోయింది. అది పోతుందని ఆమెకు మార్చిలోనే తెలుసట. నాకు చెప్పలేదు.

చలికాలం మొదట్లో నర్సులు దొరక్క మా ఆస్పత్రిలో డయాలసిస్ ఆగిపోయింది. చదువు కోసం డార్లా వెళ్లలేకపోయిన సిటీకే ఇప్పుడు లెన్‌ని మంచులో వారానికి మూడుసార్లు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆశ్రమం వాళ్లు ఆమెకు వారానికి రెండు రోజులే సెలవు ఇవ్వగలమన్నారు.

బుధవారాలు ఆర్డిస్ తీసుకెళ్తుంది. అడిగి కాదు, ఒక బుధవారం తెల్లారకముందే వెళ్లి వాళ్ల వాకిట్లో కారు ఆపిందంతే. డార్లా లెన్‌ని పట్టుకొచ్చి కూర్చోబెట్టి, కాళ్లకు దుప్పటి కప్పి, తలుపు వేసి లోపలికి వెళ్లిపోయింది.

"డార్లా నీతో ఇంకా మాట్లాడట్లేదా?" అని మొన్న అడిగాను.

"లేదు. దారంతా లెన్ హాకీ గురించి చెబుతాడు. నాకు హాకీ ఒక్క ముక్క అర్థం కాదు. వింటాను," అంది ఆర్డిస్.